చిన్న కారులో పెద్ద ఇంజిన్... ఎక్కించాకే అసలు కథ!

‘ఫోర్డ్ వర్సెస్ ఫెరారీ’ సినిమా చూశారా? అందులో మ్యాట్ డేమన్ వేసిన పాత్ర పేరు క్యారల్ షెల్బీ. క్రిస్టియన్ బేల్ వేసింది కెన్ మైల్స్. ఇద్దరూ నిజంగా ఉన్న మనుషులే. సినిమాలో చూపించిన లె మాన్స్ రేసు 1966 నాటిది. అంతకు నాలుగేళ్ల ముందే షెల్బీ ఇంకో పని చేసి పేరు కొట్టేశాడు. ఒక చిన్న ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు తీసుకుని, దాంట్లో పెద్ద అమెరికన్ ఇంజిన్ పెట్టాడు. అంతే!

ఆ ‘అంతే’ అన్న మాట దగ్గరే మనవాళ్లు చాలామంది పప్పులో కాలేస్తున్నారు. రీల్స్‌లో చూస్తున్నాం కదా... క్రేన్‌తో పాత ఇంజిన్ పైకి లేపుతారు, కొత్తది దింపుతారు, తాళం తిప్పుతారు, సైలెన్సర్ గర్జిస్తుంది. ముప్పై సెకన్లలో పని అయిపోతుంది. కింద కామెంట్లలో ‘బ్రో, నా కారుకి కూడా చేయించాలి, ఎంతవుతుంది?’ అని వంద మంది అడుగుతారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఇంజిన్ రేటు ఒక్కటీ చెబితే సరిపోదు. ఎందుకు సరిపోదో నాలుగు నిజమైన కార్ల కథల్లో చూద్దాం.

ఎనిమిది గంటల్లో పుట్టిన కోబ్రా

షెల్బీది టెక్సస్. 1959లో ఆస్టన్ మార్టిన్ నడిపి, రాయ్ సాల్వడోరితో కలిసి లె మాన్స్ గెలిచాడు. గుండె జబ్బు బయటపడటంతో 1960లో రేసింగ్ మానేయాల్సి వచ్చింది. నడపడం కుదరకపోతే తయారుచేద్దాం అనుకున్నాడు.

అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఏసీ అనే చిన్న కంపెనీ చిక్కుల్లో పడింది. వాళ్ల ‘ఏస్’ అనే కారు చూడముచ్చటగా ఉంటుంది, తేలిక, మలుపుల్లో బాగా తిరుగుతుంది. కానీ ఇంజిన్ సొంతంగా చేసుకున్నది పాతబడిపోయింది. దాని మూల డిజైన్ 1919 నాటిది! తర్వాత బ్రిస్టల్ కంపెనీ దగ్గర రెండు లీటర్ల ఇంజిన్ కొనుక్కుని వాడారు. 1961లో బ్రిస్టల్ ఆ ఇంజిన్ ఆపేసింది. కారు ఉంది, గుండె లేదు.

ఈ సంగతి తెలిసి షెల్బీ 1961 సెప్టెంబర్‌లో ఏసీకి ఉత్తరం రాశాడు... మీ కారులో అమెరికన్ వీ8 పట్టేలా చేయగలరా అని. ఇంజిన్ దొరికితే సరేనన్నారు వాళ్లు. మొదట షెవర్లేని అడిగితే కుదరదన్నారు. వాళ్ల దగ్గర కార్వెట్ ఉంది, దానికి పోటీ వాళ్లే ఎందుకు తయారుచేసుకుంటారు? ఫోర్డ్‌కి మాత్రం కార్వెట్‌ని కొట్టే కారు కావాలి. పైగా వాళ్లు కొత్తగా ఒక వీ8 తెచ్చారు. గోడలు పలచగా పోత పోసిన ఇనుప బ్లాక్, అందుకే సైజుకి తగ్గ బరువు లేదు. అందులో 260 క్యూబిక్ ఇంచుల ఇంజిన్, అంటే దాదాపు 4.3 లీటర్లది, షెల్బీ చేతికి వచ్చింది.

1962 ఫిబ్రవరిలో ఇంజిన్ లేని కారు విమానంలో అమెరికా చేరింది. కాలిఫోర్నియాలో డీన్ మూన్ అనే ఆయన షెడ్డులో దాదాపు ఎనిమిది గంటల్లో ఇంజిన్, గేర్‌బాక్స్ బిగించేశారు. అదే మొదటి కోబ్రా. ఉన్నది ఆ ఒక్క కారే! పత్రికలవాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి వచ్చిన ప్రతిసారీ దానికే కొత్త రంగు వేసి ఇచ్చేవాడు షెల్బీ. చూసినవాళ్లు ఇప్పటికే చాలా కార్లు తయారైపోయాయి అనుకోవాలి కదా మరి. 2016 ఆగస్టులో అదే కారు వేలంలో ఒక కోటీ 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది.

ఇంతవరకూ రీల్. ఇక అసలు విషయం. ఎనిమిది గంటల్లో పూర్తయింది బిగింపు మాత్రమే. అంతకు ముందే ఏసీ వాళ్లు వెనక డిఫరెన్షియల్ మార్చి, అంత శక్తిని తట్టుకునే గట్టిది పెట్టారు. మొదటి 75 కార్ల తర్వాత ఇంజిన్ 4.7 లీటర్లకి పెరిగింది. ఆపైన పాత స్టీరింగ్ చాలక ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ వచ్చింది. 1965లో ఏడు లీటర్ల 427 ఇంజిన్ పెట్టాలనుకునేసరికి పాత చాసీ ఇక నా వల్ల కాదంది. మూడు అంగుళాల పైపుల స్థానంలో నాలుగు అంగుళాలవి వేసి, పట్టీ స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టి, దాదాపు కొత్త కారే తయారుచేయాల్సి వచ్చింది. మూడేళ్లలో జరిగింది ఇదీ. ఇంజిన్ పెరిగిన ప్రతిసారీ కారు దాని వెనకాల పరుగెత్తింది.

సుత్తి దెబ్బతో తయారైన ‘టైగర్’

కోబ్రా చూసి ఇంగ్లండ్‌లోనే ఉన్న రూట్స్ కంపెనీకి ఆశ పుట్టింది. వాళ్ల ‘సన్‌బీమ్ ఆల్పైన్’ అందమైన చిన్న కారు, కానీ దమ్ము లేదు. కంపెనీ అమెరికా వెస్ట్ కోస్ట్ మేనేజర్ ఇయాన్ గ్యారడ్, ఆల్పైన్ బోనెట్ కింద ఏ వీ8 పడుతుందో కొలిపించాడు. కొలత పరికరం ఏంటో తెలుసా? కొలతకర్ర! పట్టేది ఒక్కటే అని తేలింది... అదే ఫోర్డ్ 260.

రెండు నమూనాలు చేయించారు. ఒకటి త్వరగా అయిపోవాలని కెన్ మైల్స్‌కి ఇచ్చారు. అవును, సినిమాలో బేల్ వేసిన ఆ మైల్స్‌కే. ఆయన వారం రోజుల్లో ఇంజిన్ ఎక్కించి చూపించాడు. రెండోది పద్ధతిగా చేయమని పదివేల డాలర్లకి షెల్బీకి అప్పజెప్పారు. 1964లో ‘సన్‌బీమ్ టైగర్’ మార్కెట్లోకి వచ్చింది. దాదాపు 164 హార్స్‌పవర్. ఆల్పైన్‌తో పోలిస్తే రెట్టింపు అనుకోండి.

ఇక్కడ స్థలం ఎంత ఇరుకో వింటే నవ్వొస్తుంది. ఇంగ్లండ్‌లోని జెన్సన్ ఫ్యాక్టరీలో, రంగు వేసి సిద్ధంగా ఉన్న బాడీ మీద ఇంజిన్ వెనక గోడని సుత్తితో కొట్టి లోపలికి సొట్ట పెట్టేవాళ్లు. అప్పుడే ఇంజిన్ దిగేది. ఎడమవైపు చివరి స్పార్క్ ప్లగ్ మార్చాలంటే బోనెట్ ఎత్తితే చెయ్యి పట్టదు. కారు లోపల కూర్చుని, ఆ గోడకి పెట్టిన కంతలోంచి చెయ్యి దూర్చాలి.

మెకానిక్‌ని ఏడిపించినా టైగర్ బాగానే అమ్ముడైంది, ఏడు వేలు దాటాయి. మరి ఎందుకు ఆగిపోయింది? రూట్స్‌ని క్రైస్లర్ కంపెనీ చేతుల్లోకి తీసుకుంది. తమ షోరూములో ఫోర్డ్ ఇంజిన్ ఉన్న కారు అమ్మడం వాళ్లకి మింగుడుపడలేదు. సొంత వీ8 పెడదామంటే దాని డిస్ట్రిబ్యూటర్ వెనక వైపు ఉంది. టైగర్‌లో వెనక చోటెక్కడిది? 1967తో కథ ముగిసింది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. వేరే వాళ్ల లైబ్రరీ మీద మన ప్రాజెక్టు మొత్తం నిలబెట్టాం. రేపు వాళ్లు ఇవ్వనంటే? ఇంకోటి తెచ్చి పెడదామంటే సాకెట్ కుదరదు. ఇంజిన్ మార్పిడిలో కూడా ముందు చూడాల్సింది ఇదే. పవర్ ఎంత అనేది తర్వాత. పదేళ్ల తర్వాత కూడా దానికి సామాను దొరుకుతుందా, దాన్ని విప్పి బిగించగలిగే మెకానిక్ మనకి దగ్గర్లో ఉంటాడా?

మన అంబాసిడర్‌కి చుట్టం

మూడో కథలో మనకీ ఒక చుట్టరికం ఉంది. 1962లో వచ్చిన ఎంజీబీ స్పోర్ట్స్ కారులో ఉన్నది బీఎంసీ వాళ్ల ‘బీ సిరీస్’ ఇంజిన్, 1.8 లీటర్లు. మన హిందుస్థాన్ అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా ఆ బీ సిరీసే! ఒకే ఇంటి పిల్లలు, ఒకరు రేసుకెళ్లారు, ఒకరు కలెక్టరాఫీసుకెళ్లారు.

ఎంజీబీలో రోవర్ వాళ్ల 3.5 లీటర్ల వీ8 పెట్టి అమ్మడం మొదలుపెట్టినవాడు కెన్ కోస్టెల్లో. ఇంగ్లండ్‌లో రేసర్, సొంత షెడ్డు ఉన్న మనిషి. ఆయన తెలివి ఇంజిన్ ఎంపికలో ఉంది. రోవర్ వీ8 పూర్తిగా అల్యూమినియం. మొదట అమెరికాలో బ్యూక్ తయారుచేసింది, 1965లో రోవర్ హక్కులు కొనుక్కుంది. సిలిండర్లు నాలుగు నుంచి ఎనిమిది అయ్యాయి, సైజు రెట్టింపు అయింది, బరువు మాత్రం పాత ఇనుప ఇంజిన్‌తో దాదాపు సమానం. ముక్కు బరువెక్కలేదు కాబట్టి కారు మలుపుల్లో గుణం మార్చుకోలేదు.

ఈ కారు చూసి ఎంజీ యజమానులే ఆయన్ని పిలిపించి పరిశీలించారు. తర్వాత 1973లో తామే ఎంజీబీ జీటీ వీ8 విడుదల చేశారు. 137 హార్స్‌పవర్. 1976 దాకా తయారైనవి 2,591 మాత్రమే.

మన దగ్గర కూడా ఇలాంటిదే కంపెనీ స్థాయిలో జరిగింది. 1984లో వచ్చిన కాంటెస్సా గుర్తుందా? మీకు గుర్తుండదు, నాన్నని అడగండి. చూస్తే పెద్ద అమెరికన్ కారులా ఉండేది, లోపల మాత్రం అంబాసిడర్ తరహా 1.5 లీటర్ల ఇంజిన్, దాదాపు 50 హార్స్‌పవర్! తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్ల బాక్సు పెట్టాక గానీ ఆ ఆకారానికి తగ్గ నడక రాలేదు.

ఇప్పటి హీరో... మియాటా

ఇక మన తరం కథ. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్దా ‘మియాటా’ని చూపించింది. రెండు సీట్లు, 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, టన్నులోపు బరువు. అమెరికాలో పాతవి అందుబాటు ధరలో దొరుకుతూ వచ్చాయి. అందుకే ఇంజిన్ మార్పిడి చేసేవాళ్లకి ఇదొక ప్రయోగశాల అయిపోయింది.

అక్కడ బాగా పేరున్న దారులు రెండు. ఒకటి, హోండా కే24 అనే 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్. రెండోది, జనరల్ మోటార్స్ ఎల్ఎస్ వీ8. ఎల్ఎస్1 మొదట 1997 కార్వెట్‌లో వచ్చింది. 5.7 లీటర్లు, 345 హార్స్‌పవర్, పూర్తిగా అల్యూమినియం. ఇంత పెద్దది అంత చిన్న కారులో ఎలా పడుతుంది?

జవాబు ‘పాత’ టెక్నాలజీలో ఉంది. ఈ రోజుల్లో చాలా ఇంజిన్లకి క్యామ్‌షాఫ్ట్‌లు సిలిండర్ హెడ్డు మీద ఉంటాయి. వీ ఆకారంలో ఉన్న ఇంజిన్‌కైతే రెండు హెడ్లు, ఒక్కో హెడ్డుకి రెండేసి, మొత్తం నాలుగు. దాంతో పైభాగం వెడల్పూ ఎత్తూ పెరిగిపోతాయి. ఎల్ఎస్‌లో ఒక్కటే క్యామ్‌షాఫ్ట్, అదీ బ్లాక్ మధ్యలో. అక్కణ్నుంచి సన్నటి కడ్డీలు వాల్వుల్ని కదుపుతాయి. హెడ్లు చిన్నవి, ఇంజిన్ పొట్టిది. లీటర్లు ఎన్ని అనేది సిలిండర్ల లోపలి లెక్క. బోనెట్ కింద పట్టాల్సింది బయటి కొలత. ఈ రెండూ వేర్వేరు అన్నది చాలామంది మర్చిపోయే సంగతి.

ఒకటి మారిస్తే... వరసగా అన్నీ!

ఇప్పుడు లెక్క చూద్దాం. పాత మియాటా టార్క్ దాదాపు 136 న్యూటన్ మీటర్లు. ఎల్ఎస్1 టార్క్ దాదాపు 475. అంటే మూడున్నర రెట్లు. మొదటి గేరులో ఇది సుమారు మూడు రెట్లు, డిఫరెన్షియల్ దగ్గర ఇంకో నాలుగు రెట్లు పెరుగుతుంది అనుకుంటే, వెనక యాక్సిల్ మీద పడేది దాదాపు 5,700 న్యూటన్ మీటర్లు. 136 కోసం డిజైన్ చేసిన సామాను దీన్ని ఎన్నాళ్లు మోస్తుంది? అందుకే క్లచ్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్, యాక్సిల్ షాఫ్ట్‌లు... అన్నీ మార్చాల్సిందే. కొలరాడోలోని ఫ్లయిన్ మియాటా లాంటి సంస్థలు ఎల్ఎస్ కోసం కిట్లు తయారుచేసింది ఇందుకే.

తర్వాత వేడి. పెట్రోల్‌లో ఉన్న శక్తిలో సుమారు మూడో వంతు చక్రాలకి, మూడో వంతు సైలెన్సర్‌లోంచి గాల్లోకి, మిగతాది రేడియేటర్‌కి పోతుందని మోటు లెక్క. పవర్ మూడింతలు వాడుకుంటే రేడియేటర్ పారబోయాల్సిన వేడి కూడా దాదాపు మూడింతలు. చిన్న కారు ముక్కులో అంత పెద్ద రేడియేటర్‌కి, గాలికి దారి చూపించాలి. మన ఎండల్లో అయితే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత బ్రేకులు. నన్నడిగితే వీటిని మొదటే చెప్పాలి. వేగం పెరిగితే ఆపడానికి కావాల్సిన శక్తి దాని వర్గంతో పెరుగుతుంది. ఇంటర్ ఫిజిక్సే. గంటకి వంద కిలోమీటర్ల నుంచి ఆపడంతో పోలిస్తే 140 నుంచి ఆపడానికి బ్రేకులు దాదాపు రెట్టింపు వేడి భరించాలి. ఇంజిన్ మార్చి బ్రేకులు మార్చని కారు ఎక్కితే, ఆ తేడా మొదటిసారి గట్టిగా తొక్కినప్పుడే తెలుస్తుంది. అప్పటికి ఎదురుగా ఎవరున్నారన్నది మన చేతుల్లో ఉండదు.

చివరగా వైర్లు. కొత్త ఇంజిన్‌కి దాని సొంత కంప్యూటర్, అంటే ఈసీయూ కావాలి. అది సెన్సర్లు అడుగుతుంది. పాత కారు మీటర్లకి ఇంకో భాషలో సిగ్నల్ కావాలి. పాత కార్లలో ఇది కొంత నయం. ఇవాళ్టి కార్లలో ఇంజిన్, గేర్‌బాక్స్, ఏబీఎస్, స్టీరింగ్, తాళంచెవి అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద మాట్లాడుకుంటాయి. ఒకణ్ని పీకేస్తే మిగతావాళ్లు సమ్మె చేస్తారు. ఎవరో పదేళ్ల క్రితం రాసిన కోడ్‌లో ఒక్క మాడ్యూల్ మార్చి చూసినవాళ్లకి ఈ సీన్ కొత్త కాదు.

ఇంత చేశాక కారు బాగుంటుందా? ఇక్కడే అభిమానుల్లో రెండు పార్టీలు. లెక్క ప్రకారం పాత మియాటాకి టన్నుకి సుమారు 120 హార్స్‌పవర్. వీ8తో బరువు వంద కిలోలు పెరిగి 1,100 దగ్గరికి వచ్చిందనుకున్నా, టన్నుకి 310 దాటుతుంది. సూపర్ కార్ల లెక్క అది. కానీ మియాటాని జనం ప్రేమించింది వేగానికి కాదు. ఉన్న కొద్ది పవర్‌ని పూర్తిగా వాడుకుంటూ మలుపులు తిప్పుకోవచ్చు, అదే దాని సరదా. కే24 వైపు మొగ్గేవాళ్ల వాదన కూడా ఇదే. పవర్ పెరగాలి కానీ కారు గుణం చెడకూడదు. కోస్టెల్లో యాభై ఏళ్ల క్రితమే పట్టుకున్న సూత్రం ఇది. నా ఓటు కూడా వీళ్లకే.

మన రోడ్ల మీద కుదురుతుందా?

సూటిగా చెప్పాలంటే, మీరు అనుకునే పద్ధతిలో కుదరదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి ఆర్‌సీలో ఉన్న వివరాలు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఇంజిన్ పాడైపోతే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేయించుకోవడం వేరే సంగతి. ముందు ఆర్టీఏ ఆఫీసులో అనుమతి అడగాలి, కొత్త ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్లకి చట్టంలో వేరే దారి ఉంది, ఆమోదం ఉన్న కిట్ అయితేనే. అంతేగానీ 1.2 లీటర్ల కారులో ఎక్కడి నుంచో తెచ్చిన వీ6 పెట్టుకుని ఓఆర్ఆర్ ఎక్కుతానంటే కాగితాల మీద ఆ బండి లేనట్టే. ప్రమాదం జరిగిందా, ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఆర్‌సీనే. క్లెయిమ్ రాకపోతే మీ బంపర్ గురించి కాదు దిగులు. అవతల ఆస్పత్రిలో ఉన్న మనిషి నష్టపరిహారం మీ జీతంలోంచి, మీ ఇంట్లోంచి కట్టాల్సి రావచ్చు.

అమెరికాలో ఉన్న మన వాళ్లకి దారి ఉంది, కానీ అక్కడా ఇష్టారాజ్యం కాదు. కాలిఫోర్నియా సంగతే తీసుకోండి. పెట్టే ఇంజిన్ కారు కంటే పాతది కాకూడదు. దాని పొగ నియంత్రణ సామానంతా దాంతో పాటే రావాలి. రిఫరీ అనే అధికారిక పరీక్షలో పాసై స్టిక్కర్ వేయించుకోవాలి. 1975, అంతకు ముందు మోడల్ కార్లకి మాత్రం స్మాగ్ చెక్ మినహాయింపు ఉంది. బే ఏరియాలో గ్యారేజ్ ఉన్న అన్నయ్యలు క్రేన్ అద్దెకి తెచ్చే ముందు ఈ పేజీ చదువుకోవాలి.

అయితే ఏం చేద్దాం?

సరదా చంపుకోమని కాదు. ముందు ఉన్న కారుని పూర్తిగా బాగుచేయించండి. మంచి టైర్లు, కొత్త బ్రేక్ ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్, అరిగిన బుష్‌ల మార్పు... కంపెనీ కొలతలతోనే. ఆర్‌సీకి ఏ ఇబ్బందీ ఉండదు. ‘నా కారు చాలదు’ అనుకునేవాళ్లలో సగం మందికి అది నిజంగా ఎలా నడిచేలా డిజైన్ చేశారో తెలియదు.

వేగం కావాలంటే ట్రాక్ డేకి వెళ్లండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో కారీ స్పీడ్‌వేలో ట్రాకులు ఉన్నాయి. రోడ్డు మీదకి రాని, ట్రైలర్ మీద ట్రాకుకి వెళ్లే రేసు కారు తయారుచేయడం వేరే లెక్క. అక్కడ రోల్ కేజ్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, పరీక్ష చేసే అధికారులు ఉంటారు.

అప్పటికీ ఇంజిన్ మార్చాలనే ఉంటే, కాగితం మీద మూడు అంకెలు వేయండి. ఇంజిన్‌కి ఎంత, దాని చుట్టూ మారాల్సినవాటికి ఎంత, బ్రేకులకి ఎంత. మూడో అంకె దగ్గర డబ్బులు అయిపోతున్నాయంటే మొదటిది కొనకండి. మీ బడ్జెట్ ఇంకా ఆ ఇంజిన్‌కి సరిపోలేదని అర్థం.